కుట్టుకు వదిలిన రెండు వేళ్ళు

పోయిన వారం ఈ ఇంటిల్లిపాదినీ ఒక ఖాళీ హాల్లో, నేల మీద సుద్దతో గీసిన పడవలో కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ వారం పత్రిక దొరకనివాళ్ళు కంగారు పడక్కర్లేదు. పడవ కొనడమంటే కూరగాయలు కొనడం కాదు, కథ ఇంకా రేవు దాటలేదు.

ఇంటాయన లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్. ఏ గదిలో అడుగుపెట్టినా ఇందులో ఎంతమంది పడతారని ముందు లెక్కేసుకునే మనిషి. ఇంటావిడ బట్టల కంపెనీలో కటింగ్ మాస్టర్. అక్కడ అందరూ మాస్టర్ అనే పిలుస్తారు గనక మనమూ అలాగే పిలుస్తున్నాం. కూతురు నిద్రలో తప్ప నోరు మూయదు, అందుకని పిచ్చుక. నాలుగో మనిషి ఇన్‌స్పెక్టర్ తల్లి. ఆవిడ ఎడమ మోకాలు మడత పడదు. ఎక్కడ కూర్చున్నా ఆ కాలు ముందుకి చాపుకునే కూర్చోవాలి. వారమంతా ఈ నలుగురూ నాలుగు వేళల్లో తిని నాలుగు వేళల్లో నిద్రపోతారు. శనాదివారాలైనా ఒకచోట ఉండాలంటే పడవే మంచిదని, అందులోంచి ఎవరూ మధ్యలో లేచిపోలేరని ఇన్‌స్పెక్టర్ ఆలోచన. షరతు ఒక్కటే పెట్టాడు. నలుగురిలో ఏ ఒక్కరికి ఇబ్బందైనా ఆ పడవ కొనకూడదు.

చూడగా చూడగా రెండు మిగిలాయి. ఒకటి వెడల్పుగా, మెత్తటి సోఫాలతో, తాపీగా కదిలేది. పిచ్చుక దానికి బాతు అని పేరు పెట్టింది. రెండోది సన్నగా, పొడుగ్గా, గాలి తగిలితే చాలు దూసుకుపోయేది. అది చురకత్తి. వేగమూ సుఖమూ రెండూ ఇందులోనే ఉన్నాయని పడవలమ్మే బ్రోకరు ఒట్టేసి చెప్పాడు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదురుతుందా అని అత్తగారు అనుమానపడింది. అందుకని మాస్టర్ సెలవు రోజున తన కంపెనీ కటింగ్ హాలు తాళాలు అడిగి తెచ్చి, బ్రోకరు ఇచ్చిన కొలతలతో రెండు పడవలనీ నేల మీద అసలు సైజులో గీసింది. మధ్యాహ్నమంతా నలుగురూ ఆ గీతల మధ్య కాపురం చేశారు. ఇన్‌స్పెక్టర్ గీతల పొయ్యి దగ్గర నిలబడి లేని టీ కాచాడు. అత్తగారు చురకత్తి బాత్రూములో స్టూలు వేయించుకుని, కాలు చాపి కూర్చుంది. పాదం గీత దాటలేదు. “తలుపు పడుతుందర్రా!” అని ఆవిడ ప్రకటించాక ఇక ఓట్లు లెక్కపెట్టే పనే లేకపోయింది.

ఇవాళ శనివారం. అసలు చురకత్తి మీద అసలు నీళ్ళలో ఒక చుట్టు తిరిగి రావాలి. ఇంకో కుటుంబం కూడా దీని మీద కన్నేసింది కాబట్టి సాయంత్రంలోగా అవునో కాదో తేల్చేయమన్నాడు బ్రోకరు.

రేవులో గాలి మంచి ఊపు మీద ఉంది. కట్టేసిన పడవల తాళ్ళు కొయ్యలకి తగిలి టిక్కుటిక్కుమంటున్నాయి. ఇన్‌స్పెక్టర్ ఎక్కీ ఎక్కగానే, ఎంతమందికని రాసిన పలక ఎక్కడుందా అని వెతికి, దొరికాక, అందులో ఆరుగురు అని చదివి, ఉన్నది ఐదుగురే అని తృప్తి పడ్డాడు. పిచ్చుక ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు పరిగెత్తింది. అత్తగారు కొడుకు భుజం పట్టుకుని ఎక్కి, కోడలి చెయ్యి పట్టుకుని కిందికి మెట్లు దిగింది.

కింద చెక్కంతా తేనెరంగులో మెరుస్తోంది. ఒక పక్క వంటమూల, ఒక పక్క బల్ల, ముందు పడకలు. అత్తగారు అవన్నీ మెచ్చుకుని, తిన్నగా బాత్రూములోకి వెళ్ళింది. తలుపు మూతపడబోయి, మధ్యలో ఆగి, మళ్ళీ తెరుచుకుంది. ఆవిడ బయటికి వచ్చి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, “బావుంది,” అంది.

“తలుపు పడిందా అత్తయ్యా?”

“పడకేం? పద, పైకి పోదాం. గాలి బావుంది.”

మాస్టర్‌కి కంటితో చూస్తేనే కొలత తెలుస్తుంది. మనిషి గుమ్మంలో నిలబడితే భుజం కొలత చెప్పేస్తుంది. ఆ బాత్రూములోకి ఒక్కసారి తొంగి చూడగానే ఆమెకి తేడా తెలిసిపోయింది. అయినా, బహుశా చీకటిగా ఉండడం వల్ల ఇరుగ్గా కనిపిస్తోందేమో అనుకుంది. మనకి నచ్చని కొలతని నమ్మకుండా ఉండడానికి ఇలాంటి సాకులు చాలానే దొరుకుతాయి.

పైన ఇన్‌స్పెక్టర్ ఫ్లాస్కు తెరిచి అందరికీ టీ పోశాడు. అత్తగారు వద్దంది.

“నువ్వా? టీ వద్దంటున్నావా?” కొడుకు ముక్కున వేలేసుకున్నాడు.

“పొద్దున్న తాగాలేరా.”

“నానమ్మా, పొద్దున్న కూడా తాగలేదు నువ్వు. నేను చూశా,” అంది పిచ్చుక.

“నీకు చదువు మీద లేని శ్రద్ధంతా నా టీ మీదే,” అని ఆవిడ ముఖం తిప్పుకుంది.

రేవు దాటాక బ్రోకరు ఇంజను ఆపి తెరచాప ఎత్తాడు. గాలికి అది పెద్ద చప్పుడుతో విచ్చుకుంది. పడవ ఒక పక్కకి ఒరిగి కదిలింది. కాసేపు చూసి మాస్టర్ లేచి నిలబడింది.

“తెరచాప అంచు వదులుగా ఉంది. చుక్కాని చక్రం ఇలా ఇవ్వండి,” అంది.

బ్రోకరు సందేహిస్తూ తప్పుకున్నాడు. ఆమె చెప్పుల్ని కాలితోనే వెనక్కి నెట్టేసి, ఒక చేత్తో తాడు బిగించి, ఇంకో చేత్తో చక్రం కొద్దిగా తిప్పింది. అంతే. అప్పటిదాకా నీళ్ళలో నడుస్తున్న పడవ పరుగందుకుంది. ముందు భాగం నీళ్ళని చీలుస్తూ పోతుంటే తుంపర లేచి అందరి ముఖాల మీదా పడింది. ఇన్‌స్పెక్టర్ కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. పిచ్చుక కేక పెట్టింది. మాస్టర్ నవ్వింది. ఇంట్లో నవ్వే నవ్వు కాదది, నోరారా నవ్వే నవ్వు.

ఆమె తండ్రిది తెరచాపలు కుట్టే షెడ్డు. కత్తెర పట్టడం అక్కడే నేర్చుకుంది, చక్రం పట్టడమూ అక్కడే. బడి రోజుల్లో సెలవు దొరికితే పందేల పడవల మీదే ఉండేది. ఆ సంగతి అత్తింట్లో అందరికీ తెలుసు, కానీ తెలిసినట్టు ఎవరికీ గుర్తు లేదు. పెళ్ళయింది, పిచ్చుక పుట్టింది, కంపెనీ ఉద్యోగం వచ్చింది, ఆదివారాలు బట్టలుతకడానికి సరిపోయాయి. మానెయ్యమని ఎవరూ అనలేదు. తనే ఒక్కో వారం వాయిదా వేసుకుంటూ మానేసింది. ఇవాళ అరచేతుల్లో ఆ చక్రం వణుకుతుంటే, ఇది లేకుండా ఇన్నేళ్ళు ఎలా ఉన్నానని ఆమెకి ఏడుపూ ఆనందమూ ఒకేసారి వచ్చాయి.

“నిన్నిలా ఎప్పుడూ చూళ్ళేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. కమ్మీ మీంచి ఒక చెయ్యి తీశాడు కూడా. ఆయన విషయంలో అది చాలా పెద్ద ప్రశంస. “అమ్మ కూడా బావుందంది. ఇంక ఆలోచించేదేముంది, దిగగానే ఖాయం చేసేద్దాం.”

ఆ మాటతో మాస్టర్ నవ్వు ఆగిపోయింది. అత్తగారి వైపు చూసింది. ఆవిడ నీళ్ళ సీసా పక్కనే పెట్టుకుని, మూత కూడా తీయకుండా, పెదాలు తడుపుకుంటోంది. కాసేపటికి ఆవిడ, ఎండగా ఉందని, నెమ్మదిగా కిందికి దిగిపోయింది.

“ఒక్క నిమిషం పట్టుకోండి,” అని మాస్టర్ చక్రం బ్రోకరుకి ఇచ్చి, చేతిసంచీలోంచి టేపు తీసుకుని తనూ దిగింది.

అత్తగారు బల్ల పక్క సోఫా మీద కాలు చాపుకుని ఉంది. మాస్టర్ ఆవిడ్ని పలకరించకుండా బాత్రూములో దూరి, గోడకి టేపు ఆనించింది. ఒకసారి కొలిచింది. అంకె నచ్చక మళ్ళీ కొలిచింది.

“ఎన్నిసార్లు కొలిచినా అంతేనమ్మాయ్,” అంది అత్తగారు సోఫాలోంచి. “హాల్లో గీసినదానికన్నా అటు రెండు వేళ్ళు తక్కువ, ఇటు రెండు వేళ్ళు తక్కువ.”

మాస్టర్ టేపు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

“కుట్టుకి వదిలావు,” అంది అత్తగారు, కోప్పడుతున్నట్టు కాదు, జాకెట్టు చంక చూసి చెప్పినట్టు.

ఈవిడ కుట్టు మిషను మీద కొడుకుని చదివించిన మనిషి. బట్ట మీద సుద్దగీత గీసేటప్పుడు అసలు కొలత మీద రెండు వేళ్ళు ఎక్కువ వదలడం ఆ వృత్తిలో ఊపిరి తీసుకోవడమంత మామూలు. లేకపోతే కుట్టేసరికి బట్ట బిగుతవుతుంది. కాని చెక్క గోడకి కుట్టెక్కడిది?

“అలవాటు చొప్పున పడిపోయిందేమో అత్తయ్యా. నాకు తెలీకుండానే...”

“బాతుకి పడలేదుగా.”

మాస్టర్ తల వంచుకుంది.

“బాతు గీసేటప్పుడు టేపు రెండో కొస మా వాడు పట్టుకున్నాడు,” అత్తగారు సాగించింది. “గీతలు ఉన్నవి ఉన్నట్టు పడ్డాయి. చురకత్తికి వచ్చేసరికి తండ్రీకూతుళ్ళిద్దర్నీ టీ తెమ్మని బయటికి పంపావు. నేను మూల కుర్చీలో కళ్ళు మూసుకునున్నా గదా, నిద్రపోయాననుకున్నావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ కళ్ళు మూసుకుంది నేను, పాలు తాగింది నువ్వు.”

“గీసేటప్పుడు నిజంగా నాకు తెలీదత్తయ్యా. చెయ్యి దానంతటదే జరిగింది. గీశాక చూసుకున్నా. చెరిపి మళ్ళీ గియ్యాలనుకున్నా. ఈలోగా వాళ్ళు వచ్చేశారు. మీరు స్టూలు వేయించుకున్నారు. సరిపోయిందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.” ఆమె టేపుని వేలికి చుట్టుకుంది. “చెరపలేకపోయా.”

“ఊఁ.”

“మీకు అప్పుడే తెలిస్తే ఎందుకు ఊరుకున్నారు? తలుపు పడుతుందని మీరే గదా గట్టిగా అరిచారు?”

అత్తగారు చాపిన కాలి మోకాలి మీద అరచేత్తో రాసుకుంటూ కూర్చుంది. పైన పిచ్చుక బ్రోకరుని ఏవో ప్రశ్నలతో చంపుతోంది.

“నువ్వొచ్చిన కొత్తలో నీకే రంగు ఇష్టమని అడిగితే, మీ ఇష్టమత్తయ్యా అన్నావు. ఏం వండనంటే మీకేది కావాలంటే అదన్నావు. ఇల్లు మారేటప్పుడు ఏ గది కావాలంటే, ఏదైనా పర్లేదన్నావు. మంచి కోడలని నలుగురికీ చెప్పుకున్నా. తర్వాత తర్వాత నాకే భయం వేసింది. ఈ పిల్లకి నిజంగా ఏం అక్కర్లేదా, లేకపోతే మా దగ్గర అడగబుద్ధి కావట్లేదా అని. ఇన్నేళ్ళకి మొదటిసారి నీకొకటి కావాలని చూశా. దొంగతనంగా అయితేనేం, కావాలనుకున్నావు. నేను కాదంటే మళ్ళీ ఈ జన్మకి ఏదీ అడగవు.”

“మరి మీరు? రెండ్రోజులు టీ లేకుండా, నీళ్ళు లేకుండా...”

“రెండు మూడు వారాలు వస్తా. తర్వాత కాలు నొప్పనో, ఒళ్ళు బాలేదనో ఇంట్లో ఉండిపోతా. అప్పటికి మీకు అలవాటైపోతుంది.”

“ఒక్కళ్ళూనా?”

“నాకేం, తలుపు పడే బాత్రూము ఉందిగా ఇంట్లో,” అంది అత్తగారు. నవ్వించాలనే అంది. మాస్టర్ నవ్వలేదు. సోఫా అంచున కూర్చుని ఆ చాపిన కాలిని తన ఒళ్ళోకి తీసుకుంది. తన ముచ్చట కోసం ఈవిడ శనివారం పొద్దున్నే ఇంటి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడం ఆమె కళ్ళకి కట్టింది. కన్నీళ్ళు ఆగలేదు.

“వాడికి మాత్రం చెప్పకు,” అత్తగారు గొంతు తగ్గించింది. “వాడికి రూలంటే రూలు. తెలిసిందా, సాయంత్రానికి బాతు మన గుమ్మంలో ఉంటుంది.”

“అమ్మా! నాన్న ఖాయం చేసేస్తున్నారు! దిగేదాకా ఆగలేరట!” పైనుంచి పిచ్చుక అరిచింది.

మాస్టర్ కళ్ళు తుడుచుకుని గబగబా మెట్లెక్కింది. ఇన్‌స్పెక్టర్ బ్రోకరు చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. అంత సంతోషంగా ఆయన ఏ లిఫ్టునీ పాస్ చేసి ఉండడు.

“ఏవండీ, ఆగండి. హాల్లో నేను గీసిన గీతలు తప్పు.”

“తప్పంటే?”

“అసలు పడవ అంత లేదు. బాత్రూములో అత్తయ్య కూర్చుంటే తలుపు పడదు. అందుకే ఆవిడ పొద్దుణ్ణించి గుక్కెడు నీళ్ళు తాగలేదు. రెండు పక్కలా రెండేసి వేళ్ళు ఎక్కువ గీశాను.”

“పొరపాటున?”

పొరపాటునే అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు.

“పొరపాటుగానే పడింది. చూసుకున్నాక కావాలనే ఉంచాను.”

పిచ్చుక కూడా నోరు మూసుకుంది. బ్రోకరు తెరచాపలో ఏదో ముఖ్యమైన సంగతి చూస్తున్నట్టు తల పైకెత్తాడు. ఇన్‌స్పెక్టర్ ముఖంలో కోపం కనిపించలేదు, అంతకన్నా ఇబ్బందిపెట్టే దెబ్బతిన్న చూపు కనిపించింది.

“నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా,” అన్నాడు.

“చెప్తే మీరు బాతే కొందామనేవారు.”

ఆయన ఆలోచించాడు. “అనేవాణ్ణి,” అని ఒప్పుకున్నాడు.

ఈలోగా అత్తగారు ఒక్కో మెట్టూ పట్టుకుని పైకి వచ్చింది. మెట్ల మీదే ఆగి, కోడలి వైపు చూసింది.

“సరే, నా మాట విన్లేదు, చెప్పేశావు. చెప్పిందానివి సగం చెప్పి ఊరుకోకు. నువ్వు చేసింది చెప్పావు, నీకేం కావాలో చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అత్తని.”

మాస్టర్ ముగ్గురినీ చూసింది. ఎప్పటి మాటే నాలిక చివరికి వచ్చింది. మీ ఇష్టం. దాన్ని మింగేసింది.

“నాకీ పడవే కావాలి,” అంది. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. “ఇదే కావాలి నాకు. బాతు వద్దు. అత్తయ్య ఇంట్లో ఉండిపోవడమూ వద్దు. ఆవిడ ఇందులోనే, కడుపునిండా టీ తాగి, తలుపేసుకుని కూర్చోవాలి. ఎలాగో నాకు తెలీదు. కావాలంతే.”

పిచ్చుక వాళ్ళమ్మని ఎవరో కొత్తావిడని చూసినట్టు చూసింది. అత్తగారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలెట్టి, అవి తుడవడానికి చాలాసేపు తీసుకుంది.

ఇన్‌స్పెక్టర్ భార్య చేతిలోంచి టేపు తీసుకుని, తల్లిని జాగ్రత్తగా దాటుకుని కిందికి వెళ్ళాడు. తర్వాత గోడల్ని వేలి కణుపుతో కొడుతున్న చప్పుడు. లిఫ్టు పెట్టెల్ని కూడా ఆయన ముందు అలాగే కొట్టి చూస్తాడు. టక్ టక్. కాస్త జరిగి మళ్ళీ టక్ టక్. ఆ తర్వాత వచ్చిన చప్పుడు వేరుగా ఉంది. పైన ఉన్నవాళ్ళందరికీ తెలిసేంత వేరుగా, డొల్లగా ఉంది. ఆయన అక్కడే ఇంకోసారి కొట్టాడు.

పైకి వచ్చినప్పుడు ఆయన ముఖంలో ఆ దెబ్బతిన్న చూపు లేదు. తనిఖీకి వెళ్ళిన మనిషి ముఖం ఉంది.

“బాత్రూము వెనక గోడ పడవతో పాటు వచ్చింది కాదు,” అన్నాడు బ్రోకరుతో. “చెక్క వేరు, మరలు వేరు. దాని వెనకాల జానెడు చోటు ఖాళీగా ఉంది. ఆ గోడ ఊడదీస్తే మా అమ్మ కాలు చాపుకోడమే కాదు, నాట్యం కూడా చెయ్యొచ్చు. ఎవరు కట్టారది? ఎందుకు కట్టారు?”

“చూశావా, మా వాడు!” అంది అత్తగారు. మాస్టర్ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బ్రోకరు వాళ్ళ సంతోషంలో పాలుపంచుకోలేదు. రేవు వైపుకి చక్రం తిప్పేశాడు. తెరచాప ఒక్కసారిగా వదులై టపటపా కొట్టుకుంది.

“ఆ గోడ జోలికి వెళ్ళకండి సార్,” అన్నాడు. “ఇందాక ఖాయమన్న మాట మర్చిపోదాం. ఈ పడవ మీకు అమ్మను.”